గొల్లభామ చీర, గోడ, ఆమె కొన్న లెన్స్

దయ్యాలున్నాయని వాదించేవాళ్లతో నేను స్నేహాలు చెడగొట్టుకున్నాను. కొండపాక దగ్గర ఒక పాడుబడ్డ ఇంట్లో ఏదో తిరుగుతోందని అంటే, కెమెరా పట్టుకుని పొద్దంతా అందులో కూర్చుని వచ్చాను. గబ్బిలాల ఫోటోలు తప్ప ఏమీ రాలేదు. నన్ను పిలిచిన ఆ ఇంటివాళ్లు చాయ్ కూడా పోయలేదు, అది వేరే సంగతి. నా లెక్క ఒకటే. ఉన్నది కెమెరాలో పడుతుంది, పడనిది లేదు.

ఇప్పుడు ఇది రాయాల్సి వచ్చిందీ అందుకే. ఇది కెమెరాలో పడింది.

నేను సిద్దిపేటలో పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను. నా భార్య సుగుణది దుబ్బాక, మగ్గాల ఇల్లు. పెళ్లయిన కొత్తలో తప్పితే, మా ఇంట్లో ఏ కొత్త లెన్స్ వచ్చినా ముందు ఆమె ముందరికే వచ్చేది. లెన్స్ ఎంత పదునుగా చూపిస్తుందో తెలుసుకోవడానికి అందరూ న్యూస్‌పేపర్ గోడకు అంటించి ఫోటో తీస్తారు. అక్షరాలు మధ్యలోనూ అంచుల్లోనూ ఒకేలా స్పష్టంగా ఉంటే లెన్స్ మంచిదని అర్థం. నేనూ మొదట్లో అదే చేశాను. ఒకసారి నేను అంటించిన పేజీ నిండా శ్రద్ధాంజలి ఫోటోలే.

"ఏందయ్యా, సచ్చిపోయినోళ్ల మొకాలు ఇంట్ల గోడకు అంటిస్తవా? నీకు వేరే ఏం దొరకలేదా?" అని పేపర్ పీకి పారేసింది. బీరువాలో నుంచి తన గొల్లభామ చీర తీసింది. ఒడిబియ్యం పోసినప్పుడు పుట్టింటివాళ్లు పెట్టిన చీర అది. తల మీద కుండతో నడిచే గొల్లభామల బొమ్మలు కొంగు నిండా ఉంటాయి. "గీ కుండ అంచు చూడు. లెన్స్ మంచిదైతే పోగుకు పోగు విడిగా కనవడాలె" అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో లెన్స్ పరీక్ష అంటే ఆ చీరే. ఆమె చీర కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేది, కొంగు గుండెల మీద పరిచేది. నేను స్టాండ్ మీద కెమెరా పెట్టి "ఊపిరి బిగపట్టు" అనేవాణ్ణి. ఊపిరి తీస్తే చీర కదులుతుంది, పోగులు చెదురుతాయి.

"బిగవడ్త గని, ఇడువుమని చెప్పుడు మర్వకు" అనేది. ప్రతిసారీ అదే మాట. నేను ఫోటో చూసుకోవడంలో పడితే ఆమె మొహం ఎర్రబడే దాకా అట్లాగే నిలబడి, ఆఖరికి పక్కున నవ్వేది. మా బిడ్డ మౌనిక చిన్నప్పుడు పక్కన నిలబడి "బాపు, ఇడువుమను, అమ్మ సచ్చిపోతది" అని ఏడ్చేది.

నేను ఇప్పుడు చెప్పే లెన్స్ సుగుణ కొన్నదే. బ్లౌజులు కుట్టి దాచుకున్న దానితో, నాకు చెప్పకుండా, యాదగిరి దగ్గర కొంది. యాదగిరి మా ఊళ్లోనే ఫోటోగ్రాఫర్, ఒకసారి మా ఫోటోగ్రాఫర్ల సంఘం గ్రూప్ ఫోటోలో నన్ను చివర నిలబెట్టి సగం భుజం కోసేసిన మనిషి. అతను కొన్నాళ్లు వాడి పక్కన పెట్టిన లెన్స్ అది. ఆమె దాన్ని నా చేతిలో పెట్టి, "దీంతోని మొదటి బొమ్మ నాదే తియ్యాలె" అంది. తీద్దామన్నాను. ఆ వారంలోనే దగ్గు మొదలైంది, తర్వాత ఆయాసం, తర్వాత హైదరాబాద్ దవాఖాన. లెన్స్ డబ్బాలోనే ఉండిపోయింది.

ఆ దవాఖానలో నన్ను లోపలికి రానివ్వలేదు. అద్దం అవతల ఆమె ఛాతీ ఊపిరి మిషన్‌తో పాటు లేచి పడుతోంది. చివరి రోజు కూడా ఒక్కసారి పోయి వస్తానంటే, తలుపు దగ్గర మనిషి "పక్కకు జరుగు పెద్దమనిషీ" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ గుర్తుంది. కాసేపటికి ఆ లేచి పడడం ఆగింది. నేను అద్దం ఇవతలే ఉన్నాను.

దహనం రోజు ఆమె అన్న తెచ్చిన కొత్త చీర కప్పారు. గొల్లభామ చీర కూడా ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. పోయిన మనిషి చీర ఇంట్లో ఉండగూడదట. నేనివ్వలేదు. అందుకు మా బావమరిది ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు, నేను కూడా మాట్లాడను.

కొన్ని నెలలకు చింతమడకలో ఒక పెళ్లికి మొదటిసారి ఆ లెన్స్ తీసుకెళ్లాను. పెళ్లికూతురి ఫోటోలు ఒక్కటీ పదునుగా రాలేదు. కళ్లు మసక, ముక్కుపుడక మసక. పెళ్లివారి మాటలు పడి, లెన్స్ పట్టుకుని నేరుగా యాదగిరి దగ్గరికి పోయాను. చాయ్ హోటల్ ముందు పదిమందిలో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, లెన్స్ సక్కగనే ఉన్నది. నీ చెయ్యే వణుకుతున్నది. వదిన పోయినకాంచి నీ మనసు మనసుల లేదు. కొన్ని దినాలు ఇంట్ల కూసో" అన్నాడు.

పక్కనున్నవాళ్లు నావైపు జాలిగా చూశారు. తిట్టినా సహించేవాణ్ణి. అతను నా భార్యను మోసం చేసి చెడ్డ లెన్స్ అంటగట్టాడని అందరి ముందూ రుజువు చెయ్యాలనుకున్నాను. ఇంటికొచ్చి డబ్బా తీశాను.

మధ్యాహ్నం పూట. కరెంటు పోయింది, అందుకే ఫ్యాన్ లేదు. కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి, అద్దంలో నుంచి వచ్చే వెలుగు చాలు. గొల్లభామ చీర కొంగును గోడ మీద చదునుగా పరిచి నాలుగు పక్కలా మేకులకు బిగించాను. ముడత లేదు. కెమెరా స్టాండ్ మీద పెట్టి, అంచున ఉన్న కుండ మీద ఫోకస్ దూరం సరిచేసి, మళ్లీ ముట్టుకోకుండా రిమోట్‌తో తీశాను. ఇందులో నా చెయ్యి వణకడానికి తావే లేదు.

అంచుల్లో పోగులు విడివిడిగా వచ్చాయి. మధ్యలో మసక.

నిజం చెప్పాలంటే సంతోషించాను. లెన్స్ వంపు సరిగ్గా లేకపోతే ఇలాగే వస్తుంది, యాదగిరి దొరికాడు అనుకున్నాను. రుజువు గట్టిగా ఉండాలని చీర తీసి అదే చోట న్యూస్‌పేపర్ బిగించి తీశాను. మధ్యలో, అంచుల్లో, ప్రతి అక్షరం అద్దంలా వచ్చింది. మళ్లీ చీర బిగించి వరసగా చాలా తీశాను. మళ్లీ మధ్యలో మసక. నా పాత లెన్స్ పెట్టి అదే చీరను తీశాను. చదునుగా, స్పష్టంగా వచ్చింది.

అంటే లెన్స్‌లో తప్పు లేదు. చీరలో తప్పు లేదు. ఆ రెండూ కలిసినప్పుడే.

ఆమె కొన్న లెన్స్ మళ్లీ పెట్టి, మధ్యలో స్పష్టత రావాలంటే ఫోకస్ ఎంత ముందుకు జరపాలో చూశాను. బెత్తెడు. గోడకు బిగించిన గుడ్డ మధ్యలో బెత్తెడు ముందుకు ఉన్నట్టు ఆ లెన్స్ చూస్తోంది. లేచి పోయి అరచేత్తో నొక్కాను. వెనక గోడే.

అప్పుడే మౌనిక కాలేజీ నుంచి వచ్చింది. ఫోటోలు ల్యాప్‌టాప్‌లో చూపించాను. లెన్స్ గురించి, యాదగిరి గురించి ఏమీ చెప్పలేదు.

"బాపు, చీర ఎనక దిండు పెట్టినవా?" అంది.

లేదన్నాను. ఆమె కూడా పోయి నొక్కి చూసింది. వచ్చి కూర్చుని ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వేగంగా జరిపింది. కెమెరా కదల్లేదు, దూరం మారలేదు. అయినా మధ్యలో కుండలు ఒక ఫోటోలో మసక, ఒక ఫోటోలో కాస్త తేట, మళ్లీ మసక, మళ్లీ తేట. వరసగా చూస్తే ఆ చీర లేచి పడుతోంది.

మౌనిక ల్యాప్‌టాప్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

ఇంకోసారి తీసి చూద్దామని నేనే లేచాను. మొండితనం అనుకోండి. ఈసారి మధ్యలో ఉన్న గొల్లభామ మీదే దూరం సరిచేశాను. రిమోట్ నొక్కే ముందు నా నోటి నుంచి, ఇన్నేళ్ల అలవాటుకొద్దీ, ఆ మాట వచ్చేసింది.

"ఊపిరి బిగపట్టు."

ఆ తర్వాత తీసిన వరసలో ఒక్క ఫోటో కూడా తేడా లేదు. మధ్యలో ప్రతి పోగూ విడిగా, నిశ్చలంగా. అంచులు మసక. మొదటి ఫోటో ఎలా ఉందో చివరిదీ అలాగే. నేను స్క్రీన్ మీద కుండ అంచును పెద్దది చేసి చూస్తూ ఉండిపోయాను. పాత అలవాటే అదీ.

వెనక నుంచి మౌనిక అంది, "బాపు. ఇడువుమని చెప్పలే నువ్వు."

ఆమె గొంతు చిన్నప్పటి గొంతులా ఉంది. తిరిగి చూస్తే చీరవైపే చూస్తోంది, కళ్లనిండా నీళ్లు. "అమ్మకు చెప్పు బాపు. ఎంతసేపు బిగవట్టుకుంటది?"

నాకు దవాఖాన అద్దం గుర్తొచ్చింది. గోడ దగ్గరికి పోయి, వట్టి గుడ్డకు, నా బిడ్డ ముందు నిలబడి చెప్పాను.

"ఇడువు, సుగుణా. ఇగ ఇడువు."

ఏమీ జరగలేదు. చీర కదల్లేదు, చప్పుడు లేదు. వెనక్కి వచ్చి రిమోట్ నొక్కాను. ఆ ఫోటోలో మధ్యలోనూ మసకే, అంచుల్లోనూ మసకే. దూరం గోడకు సరిచేసి ఇంకొకటి తీశాను. కొంగు ఆ అంచు నుంచి ఈ అంచు దాకా చదునుగా ఉంది. గోడకు బిగించిన గుడ్డ ఎలా ఉండాలో అలా ఉంది.

ఆ ఫోటోలన్నీ నా దగ్గర ఉన్నాయి. హైదరాబాద్‌లో లెన్స్‌లు బాగుచేసే ఒకాయనకు పంపితే, గుడ్డ గాలికి కదిలిందన్నాడు. ఏ గాలికని అడిగాను. గాలికి కదిలే గుడ్డ ఊపిరి బిగపట్టమంటే ఎలా బిగపట్టిందని అడిగాను. తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు. మౌనికను అడిగితే తను చూసింది చూసినట్టే చెబుతుంది, దాని అర్థం మాత్రం చెప్పదు. నాకూ తెలియదు. తెలిసినట్టు నటించలేను.

చింతమడక పెళ్లిలో వణికింది నా చెయ్యే కావచ్చు. ఈ మాట యాదగిరికి చెప్పలేదు, చెప్పను కూడా.

ఆ లెన్స్‌తో మొదటి బొమ్మ తనదే కావాలంది సుగుణ. అవి ఆమె ఫోటోలని నేననను. అవి చీర ఫోటోలు. వాటిలో మనిషి లేదు.

ఇప్పటికీ వీలు దొరికిన మధ్యాహ్నాల్లో ఆ చీరను గోడకు బిగిస్తాను. ఆమె కొన్న లెన్స్ పెడతాను, కిటికీ మూస్తాను, ఫ్యాన్ ఆపుతాను. ఊపిరి బిగపట్టమంటాను. విడవమని మాత్రం అనను, ఒక్కసారి అన్నది చాలు. ప్రతిసారీ మధ్యలోనూ అంచుల్లోనూ పోగుకు పోగు విడివిడిగా వస్తుంది. ఒక్క చోట మసక లేదు, ఆ బెత్తెడు మళ్లీ రాలేదు. నా జన్మలో ఎన్నో లెన్స్‌ల మీద ఫిర్యాదు చేశాను. బాగుందని ఏడ్చింది ఈ ఒక్కదాని మీదే.