ఎర్ర గళ్ళ తువ్వాల

భద్రాచలం బస్టాండులో రెండు ఖమ్మం బస్సులు నా కళ్ళముందే నిండి వెళ్ళిపోయాయి. వీపున పెద్ద సంచితో నేను తలుపు దాకా కూడా చేరలేకపోయాను. మూడోదీ పోతే ఖమ్మంలో రైలు తప్పిపోతుంది. ఆ రైలు తప్పితే ఏడాదిగా పట్టుబట్టి కూర్చుకున్న ఏడు దేశాల ప్రయాణం మొదట్లోనే ఆగిపోతుంది.

పక్కన మణుగూరు బస్సు కోసం నిలబడ్డ పెద్దాయన నన్ను అంతసేపూ చూస్తూనే ఉన్నాడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడట.

"యాడికి పోవాలె బిడ్డా?"

"టర్కీ దాకా. అన్నీ బస్సులు, రైళ్ళే," అన్నాను మొండిగా. అందరిలాగే నవ్వుతాడనుకున్నాను.

నవ్వలేదు. "గిట్ల మర్యాదగ నిలబడితే ఖమ్మం గూడ చేరవు," అన్నాడు. మూడో బస్సు ఆగకముందే దాని వెంట పరుగెత్తి, భుజం మీది ఎర్ర గళ్ళ తువ్వాల తీసి కిటికీలోంచి సీటు మీదికి విసిరాడు. "ఇగ నిమ్మళంగ ఎక్కు. గా సీటు నీదే."

నిజంగానే ఆ సీటు నాకోసం ఖాళీగా ఉంది. కూర్చుని కిటికీలోంచి తువ్వాల తిరిగి ఇవ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఉంచుకో. ముంగట ఇంకెన్ని బస్సులున్నయో!"

నెల తర్వాత కజకిస్తాన్‌లో ఒక చిన్న ఊరి బస్టాండులో అలాంటి తోపులాటే ఎదురైంది. వాళ్ళ భాష నాకు రాదు. పరుగెత్తి తువ్వాల కిటికీలోకి విసిరాను. నేను లోపలికి చేరేసరికి జనం కిక్కిరిసి నిలబడి దానివైపే వింతగా చూస్తున్నారు.

తువ్వాల మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు.