నీళ్ళ కింద విన్న సరళి వరస

అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు సముద్రంలో మునకలేయడానికి వెళ్తున్నారంటే మా వీధిలో ఒక్కరూ నమ్మలేదు. "ఏటి, పుణ్యస్నానానికా?" అని అడిగింది పక్కింటావిడ. కాదమ్మా, కళ్ళకి అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని చేపల్ని చూడ్డానికి అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఈ ప్రయాణం మా సుందరి నోటిమాట వల్ల పుట్టింది. సుందరి నా చిన్ననాటి నేస్తం. వాళ్ళది గుళ్ళో సన్నాయి వాయించే కుటుంబం, మాది వరి పండించే కుటుంబం. విజయనగరంలో ఒకే గురువుగారి దగ్గర పాట నేర్చుకుని, పెళ్ళిళ్ళయ్యాక కూడా జంటగా కచేరీలు చేశాం. పేరంటమైనా, నవరాత్రి పందిరైనా ఇద్దరినీ కలిపే పిలిచేవారు. రెండేళ్ళ కిందట ఆమెకి మెడ దగ్గర థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు గానీ గొంతు కిందికి జారిపోయింది. పై స్వరాలు పూర్తిగా పోయాయి. ఆ రోజు నుంచి సుందరి పాట ఎత్తలేదు. బతిమాలాను, తిట్టాను, అలిగాను. ఊహూఁ. ఒంటరిగా పాడబుద్ధి కాక నేనూ మానేశాను. చచ్చేలోగా మళ్ళీ ఒక్కసారి ఇద్దరం కలిసి పాడాలి, నాకున్న ఆశల్లా అదే.

మొన్న మాఘమాసంలో ఫోన్లో ఏదో వీడియో చూస్తూ సుందరి నన్ను పిలిచింది. "ఒసే రాజ్యం, ఇటు సూడవే! ఇది మన కళింగపట్నం అవతలేనట. ఎల్దామేటే?" చేపలు గుడ్లు పెట్టుకుని నిలదొక్కుకోవాలని ఒడ్డుకి దగ్గర్లోనే సముద్రంలో సిమెంటు గూళ్ళు దింపారట. ఇప్పుడు వాటి మీద గుల్లలు పట్టి, నాచు పెరిగి, చేపల ఊరైపోయిందట. రెండేళ్ళలో ఆమె నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం అదే మొదలు. వారం తిరక్కుండా బయల్దేరదీశాను.

మధ్యాహ్నం రెండింటికి విజయనగరం కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఇప్పుడు ఆడవాళ్ళకి టిక్కెట్టు డబ్బుల్లేవు. అందుకే సీటు దొరకడం గొప్ప. రణస్థలంలో తేగలు కొనుక్కుని ఒలుచుకు తింటూ కూర్చున్నాం. వేసవి సెలవులకి ఇదే దారిన సుందరి మేనమామ గారి ఊరు వెళ్ళేవాళ్ళం. పొలం బావి దగ్గర ఆ మావయ్య మా నడుములకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, వెనకనుంచి ఒక్క తోపు తోసేవాడు. నేను కెవ్వుమని అరిచేదాన్ని. సుందరి మాత్రం పైకి తేలగానే పాట ఎత్తుకునేది. బావి గోడలు తిరిగి పాడుతుంటే పొలంలో పనిచేసేవాళ్ళు గట్టు మీదికొచ్చి వినేవారు. ఎంత హాయైన రోజులవి! అవి తలచుకుని ఇద్దరం నవ్వుకున్నాం.

రాత్రికి అరసవల్లిలో లాడ్జి. వెళ్ళేవాళ్ళు ఆదివారం మాత్రం పెట్టుకోకండి, స్వామి దర్శనానికొచ్చే జనంతో గది దొరకదు. సాయంత్రం గుళ్ళో సన్నాయి మొదలవగానే సుందరి గిరుక్కున తిరిగి బయటికి వచ్చేసింది. దర్శనం మానుకుని నేనూ ఆమె వెనకే వచ్చేశాను.

తెల్లారకుండానే ఆటో మాట్లాడుకున్నాం. కళింగపట్నం దాటి దక్షిణంగా కొంతదూరం వెళ్తే ఒక జాలరిపల్లె. ఇసుకలో ఆరబెట్టిన చేపల వాసన ఊరికంటే ముందు ఎదురొస్తుంది. అక్కడ పోలయ్య అనే ఆయన మాకోసం కాసుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. అండమాన్‌లో యాత్రికులకి స్నార్కెలింగ్ నేర్పి, ఈ మధ్యే సొంతూరు వచ్చేశాడు.

"ఈతొచ్చునా తల్లీ?"

"బావిలో నేర్చుకున్నాం," అన్నాను గొప్పగా.

"బావిలో కెరటాలుండవు గదేటి!" అని నవ్వాడు.

సంక్రాంతి వెళ్ళినప్పటినుంచి ఎండలు ముదిరేదాకా, అదీ గాలి లేవకముందు పొద్దున్నే వెళ్ళాలి. వానలు పడ్డాయంటే వంశధార ఎర్రనీళ్ళు తెచ్చి కలిపేస్తుంది, మన చెయ్యి మనకి కనపడదు. అద్దాలకి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రాసి కడగమన్నాడు పోలయ్య. "ఛీ, ఇదేం ఆచారమే!" అంటూనే రాసింది సుందరి. పంజాబీ డ్రెస్సుల మీద లైఫ్ జాకెట్లు కట్టుకుని, గాలి కొట్టిన లారీ ట్యూబుని చెరోవైపూ పట్టుకుని నీళ్ళలోకి దిగాం. పోలయ్య తాడు పట్టి లాగాడు. కెరటాలు విరిగేచోట రెండు దెబ్బలు గట్టిగానే తిన్నాం. అవి దాటితే సముద్రం పళ్ళెంలో నీళ్ళలా నిలబడి ఉంది.

మొదటిసారి తల ముంచగానే అలవాటు కొద్దీ ముక్కుతో పీల్చబోయి, కంగారులో గొట్టం వదిలేసి గుక్కెడు ఉప్పునీళ్ళు తాగాను. రెండోసారికి కుదిరింది. అబ్బ, ఏం చెప్పను! కింద రెండు నిలువుల లోతులో సిమెంటు గూళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. సిమెంటు ఎక్కడా కనపడదు, అంతా తెల్లటి గుల్లలూ పచ్చటి నాచూ. నల్లచారల బుల్లిచేపలు ఒక కన్నంలో దూరి ఇంకో కన్నంలోంచి వస్తున్నాయి. వాటి వెనక ఒక పెద్ద పండుగప్ప చేప తీరిగ్గా నిలబడి మమ్మల్నే చూస్తోంది.

దగ్గరగా చూడాలని జాకెట్టు విప్పి పోలయ్యకిచ్చి, ఊపిరి బిగబట్టి కిందికి మునిగాను. నీళ్ళ కింద నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. ఎక్కడ? ఆ గూళ్ళ చుట్టూ పోపులో ఆవాలు చిటపటలాడుతున్నట్టు ఒకటే చప్పుడు. సన్నరొయ్యలు చేసే చప్పుడట, పోలయ్య తర్వాత చెప్పాడు. ఆ చిటపటల మధ్య ఇంకేదో వినిపించింది. ముందు పడవ ఇంజను అనుకున్నాను. కాదు. స, రి, గ, మ... మా గురువుగారు నేర్పిన మొదటి సరళి వరస. తలెత్తి చూస్తే నా పైన సుందరి బోర్లా తేలుతూ, పళ్ళతో గొట్టం కరిచిపట్టి కూనిరాగం తీస్తోంది. లోతైన గొంతు. ఎప్పుడూ వినని గొంతు. ఒక్క స్వరం కూడా పక్కకి పోలేదు. ఊపిరి అయిపోతున్నా పైకి రాబుద్ధి కాలేదు నాకు.

పైకొచ్చేసరికి పోలయ్య ఊరుకోలేదు. "అమ్మా, నీ గొట్టంలోంచి సన్నాయి ఒస్తన్నాదేటి!"

సుందరి గొట్టం పీకేసింది. "నాను కాదు."

"మరెవులే, ఆ పండుగప్పా?" అన్నాను.

ఆమె మొహం గంటుపెట్టుకుని ఒడ్డుకి పద అంది.

పడవ చాటున తడిబట్టలు మార్చుకుంటున్నప్పుడు ఇక ఆగలేకపోయాను. "ఎందుకే దాస్తావు? అంత బాగా పాడుతూ!"

"అది పాటా? ఎవుడో ముసలాడు మూలిగినట్టు ఉన్నాది. నీళ్ళలో ఎవులికీ ఇనపడదనుకున్నాను."

"నిక్కచ్చిగా శృతిలో ఉంది."

"ఏ శృతే? మన అయిదు శృతి నాకు ఈ జన్మకి అందదు."

"అందకపోతే పీడాపోయింది. నువ్వెక్కడుంటే అక్కడికే నేనొస్తాను."

"నువ్వా? కింద స్థాయిలో నీకు గాలి తప్ప మరేటొస్తాది?"

ఆమె అన్నది నిజమే. పోలయ్య భార్య వేడివేడి అన్నం, చేపల పులుసు పెట్టింది. పులుసు అమృతంలా ఉంది.

తిరుగు బస్సు శ్రీకాకుళంలో మూడింటికి. వెనక సీటు దొరికింది. మా పక్కన ఖాళీ చేపల గంపతో ఒకావిడ కూర్చుంది. ఎచ్చెర్ల దాటాక, సుందరి కిటికీ వైపే చూస్తూ, నోరు తెరవకుండా షడ్జం పట్టింది. రెండు శృతి, మా పాత అయిదు కంటే బాగా కింద. కదిలితే ఎక్కడ ఆపేస్తుందోనని అలాగే బిగుసుకు కూర్చున్నాను. తర్వాత మెల్లగా కలిశాను. ఆమె అన్నంతా అయింది. ఆ లోతున నా గొంతు పొట్టు దంచినట్టుంది, సగం గాలే. సుందరి నా తొడమీద ఒక్కటి చరిచింది.

"తగ్గిపోతన్నావు. సరిగ్గా పట్టు."

రెండేళ్ళయింది ఆ తిట్టు తిని. ఏడుపొచ్చి ఆపేశాను.

"ఆపీసినారేటమ్మా?" అంది గంపావిడ. "పాడండి, ఇంకా సేనా దూరం ఉన్నాది."

మళ్ళీ పట్టాం. సరళి వరసలయ్యాయి, జంట వరసలకొచ్చాం. మా పాత జంటగొంతు కాదది. ఆమెది లావుగా ముందు నడుస్తోంది, నాది తడుముకుంటూ వెనక వస్తోంది. నేను కోరుకున్నది ఇది కాదు, అయినా ఇంత సుఖం ఏ కచేరీలోనూ పడలేదు. కండక్టరు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, టిక్కెట్లు కొట్టుకుంటూ ముందుకి వెళ్ళిపోయాడు.

విజయనగరంలో దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇంటికి ఆటో పిలవబోతే సుందరి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంటికి కాదే. ముందు వీణ తీగలమ్మే కొట్టుకి."

"ఇప్పుడు తీగలెందుకే?"

"మా ఇంట్లో తంబురాకి ఉన్నవన్నీ అయిదు శృతికి కట్టిన సన్నతీగలు. రెండుకి దింపితే వదులైపోయి మోగవు. లావు తీగలు కావాల. రేపు పొద్దున్నే నువ్వొచ్చేసరికి కట్టి ఉంచుతాను."

కొట్టు మూసేస్తారేమోనని ఇద్దరం తడిబట్టల సంచులు భుజాన వేసుకుని గబగబా నడిచాం.