నిలబడి చింపిన కవరు

కరీంనగర్‌లో డిగ్రీ చదివే రోజుల్లో, దివాలా కేసులు చూసే ఒక వకీలు సారు దగ్గర టైపింగ్ చేసేదాన్ని. అప్పులు తీర్చలేనివాళ్లకు చట్టంలో ఏ దారి ఉందో ఆయన తెలుగులో బ్లాగు రాసేవారు. ఆయన చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని.

కోర్టు కవరు ఏది వచ్చినా సారు కుర్చీలోంచి లేచి, నిలబడి చింపేవారు.

ఒకరోజు మరమగ్గాలు నడిపే ఒక పెద్దాయన బియ్యం సంచిలో నోటీసులు తెచ్చాడు. ఒక్కటీ విప్పలేదు.

"విప్పకుంటే మనకు ముట్టనట్టే అనుకున్న సారూ," అన్నాడు.

"సంతకం పెట్టి తీసుకున్నవ్ గదనే. గప్పుడే ముట్టింది. లే, నిలబడి నువ్వే చింపు."

చింపి చదివితే, ఆయన ఇంటి వేలం ఆపమని అడగాల్సిన గడువు అప్పటికే దాటిపోయింది.

పెద్దాయన వెళ్లాక, "నిలబడుడెందుకు సార్?" అని అడిగాను.

"నాకూ భయమే బిడ్డా. కూసొని చదివితే మళ్ల లేవబుద్ధి కాదు. గీ ముచ్చట బ్లాగుల పెట్టకు."

సారు ఇప్పుడు లేరు. మా ఆయన తన స్నేహితుడి లోనుకు జామీను ఉన్నాడు. నాలుగు రోజుల క్రితం మా ఆయన పేరున వచ్చిన కోర్టు కవరును నేనే సంతకం పెట్టి తీసుకుని, చెప్పకుండా బాబు బట్టల కింద దాచాను. బట్టలు తీసిన ప్రతిసారీ దాన్ని ఇంకాస్త లోపలికి తోస్తున్నాను. గడువుల గురించి సారు రాసినవన్నీ మళ్లీ చదివాను. మా గడువు ఎంతో మాత్రం ఆ కవరులోనే ఉంది.

ఇది రాయడం అయ్యాక మా ఆయన్ని లేపుతాను. ఇద్దరం నిలబడి చింపుతాం.