బావ కుడిచెయ్యి

మొన్న ఉదయం తార్నాకలో మా మేడ మీద తువ్వాలు ఆరేస్తూ కుడిచెయ్యి పైకెత్తాను. రోబోతో నా ఊపిరితిత్తిలోని గడ్డ తీసి మూడు వారాలైంది, కుడివైపు పక్కటెముకల మీద మిగిలినవి నాలుగు చిన్న గాట్లే. చెయ్యి హాయిగా తీగనందుకుంది. సంతోషించాల్సింది పోయి, బావ గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్ళు మండింది.

నేనూ ముప్పయ్యేళ్ళు ఛాతీ ఆపరేషన్లు చేసినవాణ్ణే. కళ్ళు మూసుకుని ఊపిరితిత్తిని తడిమి, దూదిలో దాగిన చింతగింజను పట్టినట్టు గడ్డను పట్టడం మా గురువుగారు నేర్పారు. ఆ విద్యతో పాటు తలపొగరూ అబ్బింది. అందుకే నా శిష్యుడొకడు రోబో పని నేర్చి, దూరంగా కూర్చుని తెరలోకి చూస్తూ, రోగి పక్కటెముకల సందుల్లో దూర్చిన సన్నని పనిముట్లను నడుపుతుంటే, వీడియో ఆటలాడుతున్నాడని నలుగురిలో వెటకారం చేశాను. చేత్తో తడమలేకపోయినా, తీయాల్సిన ముక్కకు రక్తం ఆపి, రక్తనాళంలోకి రంగు మందు ఎక్కిస్తే మిగతా ఊపిరితిత్తంతా పచ్చగా వెలిగి, ఆ ముక్క నల్లగా తేలుతుందని వాడు ఓపిగ్గా చెప్పబోయాడు. వింటే కదా!

అంతలో బావకే కుడి ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. మా అక్క భర్త, మా పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్ గ్రంథాలయంలో పుస్తకాలు అరలకెక్కించే ఉద్యోగం. ఇంట్లో డాక్టరుండగా పరాయివాళ్ళ చేతిలో పెడతామా అని చుట్టాలన్నారు, మన తరం సంగతి మీకు తెలియనిదా. శిష్యుడు మాత్రం నా గదికొచ్చి తలుపు వేసి మరీ అడిగాడు.

"సార్, ఎముకలు తెరువకుంటనే అయితది. బావగారిని నాకియ్యండి."

"మా అక్క పసుపుకుంకాలు యంత్రం చేతిలో పెట్టనురా," అన్నాను. శిష్యుడు అలా అడిగిన సంగతి అక్కకు చెప్పలేదు.

పెద్ద కోత కోసి, పక్కటెముకలు ఇనుప పనిముట్టుతో వెడల్పు చేసి, నా వేళ్ళతోనే గడ్డ పట్టుకున్నాను. క్యాన్సర్ మళ్ళీ రాలేదు, అందరూ పొగిడారు. ఎముకల మధ్య నలిగిన నరం నొప్పి మాత్రం బావను వదల్లేదు. చొక్కా తగిలినా భగ్గుమనేది, కుడిచెయ్యి భుజం దాటి లేచేది కాదు. పై అరలు అందక రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందే ఉద్యోగం మానేశాడు. సాయంత్రాలు క్యాంపస్‌లో నాతో నడిచేటప్పుడు ఎడమచేత్తో ఆ పక్కను అదుముకునేవాడే గాని, ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పోయినేడు గుండెపోటుతో పోయాడు.

మొన్న మేడ మీద అక్క నా చెయ్యి వంకే చూస్తూ నిలబడింది.

"మీ బావకి చేసినప్పుడు ఈ మిషను లేదు కదరా?"

"లేదక్కా," అన్నాను.

ఉండుంటే నువ్వు చేయించకుండా ఉంటావా అంటూ, మిగిలిన బట్టలు తనే ఆరేసింది.

తార్నాకలో మా నాటి ఇళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి, గజం కోతలు గోరంత గాట్లయ్యాయి, నన్ను బతికించింది నేను వెక్కిరించిన ఆ శిష్యుడి చెయ్యే. ఇప్పుడు సాయంత్రాలు క్యాంపస్‌లో ఒక్కణ్ణే నడుస్తున్నాను. పక్కటెముకల్లో ఎక్కడా నొప్పి లేదు, అదే నాకు భరించలేకుండా ఉంది.