మీటర్ చక్రం, నా బకెట్

ఆ రోజుల్లో కరెంటును మేం చెవులతో కొలిచేవాళ్లం. ఎక్కువ చప్పుడు చేసేదే ఎక్కువ తాగుతుందని గట్టి నమ్మకం. నాచారంలో నేను అద్దెకున్న ఇంట్లో మూడు గదులకూ కలిపి ఒకటే మీటర్. ఆ ఇంట్లో అన్నిటికన్నా గట్టిగా మోగేది పక్కగది అక్క కొన్న సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్. అది మొదలైతే ఉప్పల్ డిపోలో బస్సులు ఉలిక్కిపడేవి (పెంచి చెబుతున్నాను, రెండే బస్సులు). ఆ చలికాలం మీటర్ ఉన్నట్టుండి పరుగందుకుంది. ఓనరు మామ ఆలోచించకుండానే తీర్పు చెప్పేశాడు. "గా డబ్బా దినమంతా నడుస్తది బిడ్డా. దాన్నన్న తీసెయ్, లేకుంటే ఇల్లన్న ఖాళీ చెయ్." అక్క తల వంచుకుని, "అమ్మ షుగర్ సూదిమందు అండ్లనే ఉంటది మామా, చల్లగ లేకుంటే ఖరాబైతది," అంది. "నా మీటర్‌కు గూడ షుగరొచ్చినట్టుంది, ఒకటే తాగుడు," అన్నాడు మామ.

అప్పుడు రంగంలోకి దిగాను నేను. ఫ్యాక్టరీలో చేరి నాలుగు నెలలైంది. దేశంలోని విద్యుత్తంతా నా సలహా కోసమే ఆగి ఉందనుకునే వయసు. అన్నీ బంద్ చేసి, ఒక్కోటీ పెట్టి, మీటర్ చక్రం మీది ఎర్ర గీత నిమిషానికి ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెడదామన్నాను. (లోలోపల నాకూ ఫ్రిజ్ మీదే అనుమానం.) ఆదివారం పొద్దున చేతిగడియారంతో మీటర్ ముందు నిలబడ్డాను. అక్క ఫ్రిజ్ ఆపి, మందు డబ్బాను తడిగుడ్డలో చుట్టి రెండు చేతులతో పట్టుకుంది. అందరూ అన్నీ ఆపారు. చక్రం ఆగలేదు. ఆగకపోగా, ఎర్ర గీత కంటికి ఆననంత జోరుగా తిరుగుతోంది. "ఫ్రిజ్ బందే గదా, మరి ఇదేంది గిట్ల తిరుగుతుంది? నీది మొత్తం బందేనా తమ్మీ?" అన్నాడు మామ.

నా గదిలో, తలుపు వెనకాల, బకెట్లో నీళ్లు కాచే రాడ్ ఉంది. హీటర్లు పెట్టొద్దని మామ మొదటిరోజే చెప్పినా ఉప్పల్లో కొని దాచుకున్నది. విచారణ ముగించి వేడివేడిగా స్నానం చేద్దామని నేనే పెట్టి వచ్చాను. చప్పుడు చేయదు కదా, నా లెక్కలోకే రాలేదు. లోపలికెళ్లి ప్లగ్ పీకేస్తే చక్రం ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు, శిక్ష ఫ్రిజ్‌కు పడుతుంది. అక్క చేతుల్లోని గుడ్డ నుంచి నీళ్లు కారుతున్నాయి. "మామా, నా గదిల రాడ్ ఉంది," అన్నాను.

తర్వాత ఫ్రిజ్ ఒక్కటే పెట్టి చూశాం. అంత గర్జనకూ ఎర్ర గీత, పెళ్లికి పిలిపించుకున్న పెద్దమనిషిలా, తీరిగ్గా వచ్చి వెళ్లింది. కాసేపటికి ఫ్రిజ్ తనంతట తనే ఆగింది, చక్రమూ ఆగింది. లెక్క వేస్తే, నా అరగంట స్నానం దాని రోజంతా పనికి ఇంచుమించు సమానం. మామ రాడ్ జప్తు చేశాడు. "సదువుకున్నోనివి అనుకున్న. సన్నీళ్లు పోసుకో, దిమాక్ సల్లబడ్తది."

మర్నాడు వణుకుతూ తలుపు తీస్తే గడప దగ్గర ఆవిర్లు కక్కుతున్న గిన్నె. "గ్యాస్ మీద కాగినయ్ తమ్మీ. ఫికర్ జెయ్యకు, చక్రం తిరగలే," అంది అక్క.

ఇప్పుడు ఉప్పల్లో మా అపార్ట్‌మెంట్ మీటర్‌కు చక్రం లేదు, కరెంటు ఎంత తాగితే అంత వేగంగా మిణుకుమనే చిన్న ఎర్ర దీపమే. గీజర్ వేసి, మూడంతస్తులు దిగి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడతాను. "ఏం సార్, కరెంట్ పోయిందా?" అంటాడు వాచ్‌మన్. "లేదన్నా, ఉంది," అంటాను. పైన నీళ్లు కాగిపోతూనే ఉంటాయి.