బతికున్నవాడి పేరు చెక్కిన రాయి

ఆ పొద్దున కూర్మారావుకు కాలు నిలవలేదు. జుగ్సలాయి గోదాముల ముందు పాతిన కొత్త రాయి చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. బీడీ అంటించడం, పారేయడం. డెబ్బైమూడు సమ్మెలో చనిపోయిన మూటల కళాసీ జ్ఞాపకంగా యూనియన్ ఎనిమిదేళ్లకు నిలబెట్టిన రాయి అది. దానిమీది హిందీ అక్షరాలు మళ్లీ కూడబలుక్కున్నాడు. కూర్మారావు. గుండ్రాయిలా బతికున్న తన పేరే!

విశాఖ రేవులో మూటలు మోసి మోసి ఈ ఉత్తరాది ఉక్కు ఊరి గోదాముల్లోకి వచ్చి పడ్డ మనిషి. కూలి పెంచమని సమ్మె కట్టినప్పుడు, యూనియన్ నెంబరు వేసి ఇచ్చిన ఇత్తడి బిళ్ల ఉన్నవాళ్లే గేటు ముందు కూర్చోవాలని నియమం. అడ్డంగా మనుషులు కూర్చున్నా లారీలు ఆగవని పుకారు పుట్టింది. పిరికివాడికి జ్వరం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. జ్వరమని చెప్పి, బిళ్ల లేని తోటి కూలీ బంగారురాజు చేతిలో తన బిళ్ల పెట్టి, కూర్మారావు సాక్చి బజారులో దాక్కున్నాడు. లారీ నిజంగానే ఆగలేదు. బంగారురాజు పోయాడు. కూర్మారావు టెల్కో కాలనీలో మెస్సు పనికి కుదిరి, మళ్లీ ఇటు ముఖం చూపించలేదు. రాయి మాట విని ఈరోజే వచ్చాడు.

బంగారురాజు భార్య అసిరమ్మ అతన్ని చూసి గబగబా వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"ఇన్నేళ్లకి కనపడినావా అన్నయ్యా! మా ఇంటాయన పేరు ఎక్కడ సెక్కినారో సూపించు."

"ఆళ్లకి పేరెవులు సెప్పినారమ్మా?"

"కొత్త లీడర్లొచ్చి అడిగినారు. మొగుడి పేరు నోటితో ఎలాగ సెప్తాను? ఆయన దగ్గర దొరికిన బిళ్ల సూపించినాను. నెంబరు రాసుకుని ఎల్లిపోనారు."

పాత కళాసీలంతా తలోదిక్కూ చెదిరిపోయారు. యూనియన్ పుస్తకంలో ఆ నెంబరు ఎదుట కూర్మారావు పేరుంది; చచ్చింది అతను కాదని చెప్పేవాళ్లు లేరు. ఆమె వేలు ఆ పేరు మీద పెట్టించి ఊరుకుంటే గొడవే ఉండదు. కూర్మారావు చెయ్యి రాయిదాకా వెళ్లి ఆగిపోయింది.

"ఆడి పేరు లేదు సెల్లీ. నాదుంది. నాకు ఆ దినం జొరం లేదు. బయమేసి ఆడికి బిళ్లిచ్చీసి పారిపోనాను."

అసిరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఆమె అతని రెక్క పట్టుకుని పక్కనే యూనియన్ పెట్టిన ఆ సభకు ఈడ్చుకుపోయింది.

"నాకు సెప్తే ఏటవుతాది? ఆ మైకులో సెప్పు!"

సరిగ్గా అప్పుడే లీడరు "శహీద్ కూర్మారావ్!" అన్నాడు. జనం "అమర్ రహే!" అని జోహార్లు పలికారు. కూర్మారావు మైకు లాక్కున్నాడు.

"మైఁ హూఁ కూర్మారావ్! మరా నహీఁ, భాగ్ గయా థా!"

తను చావలేదట, పారిపోయాడట. జనం నవ్వారు. అతని ముఖం చూసి నవ్వు మానేశారు. మరి చచ్చిందెవరని లీడరు కసిరాడు. కూర్మారావు అసిరమ్మ వైపు తిరిగాడు.

"బంగారురాజు" అంది అసిరమ్మ, పెళ్లయ్యాక మొదటిసారి. వెనకున్నవాళ్లకు వినబడలేదేమోనని మళ్లీ గట్టిగా అరిచింది.