అల్లుడు పట్టుకోలేని చప్పుడు

మా అల్లుడి పని గిన్నెలు కడిగే మిషన్లు బాగుచెయ్యడం. డిష్‌వాషర్ తలుపుకు చెవి ఆనించి లోపలి రోగం చెప్పేసేవాడు. గరగరమంటే పంపులో గాజుపెంకు పడిందని, టకటకమంటే నీళ్ళు చిమ్మే రెక్కకు గరిటె తగులుతోందని, కీచుమంటే లోపల ఏదో అరిగిపోయిందని. మా ఇంటికి మొదటిసారి వచ్చినరోజే, కాఫీ తాగుతూ తాగుతూ ఆగి, "అత్తయ్యా, మీ ఫ్రిజ్ ఎక్కువ రోజులు ఉండదు" అన్నాడు. శకునపక్షి అని లోలోపల తిట్టుకున్నాను. వారం తిరక్కుండా అది చచ్చి ఊరుకుంది.

అలాంటి మనిషి ఈ మధ్య ముంగిలా తయారయ్యాడట. పిలిస్తే పలకడు, ఫోన్ మోగితే తియ్యడు. అమ్మాయి కుమిలిపోయి నన్ను రప్పించింది.

"వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచినా తిరిగి చూడడమ్మా. నేనంటే మొహం మొత్తింది. ఇక నావల్ల కాదు, ఆదివారం నీతో వచ్చేస్తాను" అంది.

"అతనితో చెప్పావా?"

"వంగి బూట్లు తొడుక్కుంటుంటే చెప్పాను. ఒక్క మాట కూడా అనలేదు. లేచి పనికి వెళ్ళిపోయాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం వెళ్ళిపోతానంటే ఉలకడూ, పలకడూ! ఏం చూసుకునో ఇంత పొగరు! ఈ పెద్దమనిషిని దులిపి వదిలిపెడదామనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం అమ్మాయి లోపలి గదిలో బట్టలు సర్దుకుంటోంది. వంటింట్లో డిష్‌వాషర్ ఒకటే రొద. దొరికాడు కదా అని అల్లుడి ఎదురుగా నిలబడ్డాను.

"ఊరందరి మిషన్లూ బాగుచేస్తావు. నీ ఇంట్లోది ఎవరు చూస్తారు బాబూ?"

నవ్వాడు. "ఇప్పుడే చూస్తానత్తయ్యా" అని మిషన్ ఆపి నేలమీద కూర్చున్నాడు. పని అయ్యాకే దులుపుదామని అతని వెనకే నిలబడ్డాను. కింది బుట్ట బయటికి లాగాడు. అడుగున ఉన్న జల్లెడ విప్పి, వేలితో తడిమి గాజుపెంకు ఒకటి పైకి తీశాడు. అన్నీ మళ్ళీ బిగించి మిషన్ ఆన్ చేశాడు. చెవి ఆనించలేదు. తలుపుమీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

గరగర పోయింది. దాని కింద ఇన్నాళ్ళూ నక్కిన మరో చప్పుడు బయటపడింది. సన్నగా, పళ్ళు జివ్వుమనేలా కీచుమంటోంది.

"చూశారా, ఇప్పుడెంత నెమ్మదిగా ఉందో!" అన్నాడు తలుపు నిమురుతూ.

"నెమ్మదా? నా చెవులు చిల్లులు పడుతుంటే!" అన్నాను వెనకనుంచి.

తిరగలేదు. ఇంకా గట్టిగా అన్నాను. ఊహూఁ. తల వెనకే చిటికెలు వేశాను, చప్పట్లు కొట్టాను. అతని మెడ కూడా కదల్లేదు.

ముందుకు వెళ్ళి అతని ఎదుట చతికిలబడ్డాను.

"బాబూ, నీకు వినపడటం లేదు కదూ?"

మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎదురుగా ఉండి మాట్లాడితే పెదాలు చూసి తెలుసుకుంటానత్తయ్యా. వెనకనుంచైతే బొత్తిగా తెలీదు" అన్నాడు. "పోయిన నెల నేను బాగుచేసిన మిషన్లు అలాగే అరుస్తున్నాయని ఇద్దరు ఇంటిమీదికొచ్చి తిట్టిపోయారు. చెవులు పోయాయని తెలిస్తే ఇక ఎవరు పిలుస్తారు? మీ అమ్మాయికి మాత్రం చెప్పకండి. కోపిష్ఠివాడినని అనుకుంటే అనుకోనివ్వండి. పనికిరానివాడిని అనుకుంటే తట్టుకోలేను."

ఓరి పిచ్చివాడా అనుకున్నాను. జాలితో కళ్ళు చెమర్చాయి. అంతలోనే మరో సంగతి తట్టింది.

"అమ్మాయి రేపటి గురించి నీకు చెప్పింది కదా?"

"రేపేముంది?" అన్నాడు.

తల తిప్పితే గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, మడతపెట్టిన బట్టలు చేతుల్లోంచి జారిపోతున్నా పట్టుకోవడం లేదు.

"ఇలా రావే. రేపేముందో నువ్వే చెప్పు. ఈసారి ఎదురుగా కూర్చుని చెప్పు" అన్నాను.

వచ్చి అతని ముందు కూలబడింది. నోరు తెరిచింది. పెదాలు వణికాయి తప్ప మాట పెగల్లేదు.

అల్లుడు ఇంకాస్త ముందుకు వంగి, ఆ పెదాలనే చూస్తూ, "ఏమన్నావు? ఇంకోసారి చెప్పు" అన్నాడు.